గ్యాస్ డిటెక్టర్‌కు గంధం బొట్టు

2023లో దసరా సెలవులు అయిపోయి యూనివర్సిటీ తెరిచిన రోజు ఉదయం జరిగింది ఇది. కుప్పానికి పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, పరిశోధన భవనానికి నేను ఫెసిలిటీస్ అండ్ సేఫ్టీ మేనేజర్‌ని. పేరు బారెడుంది గానీ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. భవనం పాడవకుండా చూసుకోవాలి. అందులో పనిచేసేవాళ్ళు పొద్దున వచ్చినట్టే సాయంత్రం ఇంటికి పోయేలా చూసుకోవాలి.

సేఫ్టీ అనగానే అందరూ హెల్మెట్లూ, ఇసుక నింపిన ఎర్ర బకెట్లూ అనుకుంటారు. నా రోజులో సగం పూడుకుపోయిన వాష్‌బేసిన్లతోనూ, ఏసీల నుంచి కారే నీళ్ళతోనూ, ఎగ్జాస్ట్ గొట్టాల మీద పట్టిన తేనెపట్టులతోనూ గడిచిపోతుంది. మిగతా సగం, రసాయనాలు పెట్టే ఫ్రిజ్జులో పెరుగన్నం డబ్బా దాచుకునే పీహెచ్‌డీ పిల్లలతో గొంతు చించుకోవడానికి సరిపోతుంది. కారిడార్లో నా మాట వినబడగానే చెప్పులు దాచేసి బూట్లు వేసుకునేవాళ్ళు ఉన్నారు. నాకు నోరెక్కువని భవనమంతా తెలుసు. తెలియనీ, నోరు లేకపోతే ఈ పని జరగదు.

మాది మదనపల్లె. మిషన్ ఆస్పత్రి క్వార్టర్సులో పెరిగాను, అమ్మ అక్కడే నర్సు. చేతులు కడుక్కోకుండా మంచినీళ్ళ బిందె ముట్టుకుంటే వీపు చిట్లగొట్టేది, ఈ జాగ్రత్తల పిచ్చి నాకు అక్కడే అంటుకుంది. బెంగళూరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ఈ పనే చేసి, మన వైపే ఉందామని తిరిగి వచ్చాను. పేరు గ్రేస్. ఆదివారం చర్చికి పోతాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అది నాకు అడ్డం పడింది.

మా భవనం కింది అంతస్తులో పైలట్ హాల్ ఉంది. పై ల్యాబుల్లో గ్లాసుల్లో చేసి చూసినదాన్ని ఇక్కడ డ్రమ్ముల లెక్కన చేసి చూస్తారు. పుంగనూరు అమ్మాయి రేణుక అందులో టమాటా గుజ్జు మీద పరిశోధన చేస్తోంది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయినప్పుడు రైతులు రోడ్డు పక్కన పారబోసే టమాటాలను ఎలా నిలవ చేయాలన్నది ఆమె పని. గుజ్జు చిక్కబరచడానికి గ్యాస్ కెటిల్ వాడుతుంది, అంటే కింద బర్నరు బిగించిన పెద్ద స్టీలు గంగాళం. సిలిండర్లు బయట షెడ్డులో ఉంటాయి. అక్కడి నుంచి పైపులో గ్యాస్ లోపలికి వచ్చి, గోడ దగ్గరి వాల్వ్ దాటి, రబ్బరు గొట్టం గుండా కెటిల్‌కు చేరుతుంది.

వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలాగా నేల మీద పరుచుకుంటుంది. అందుకే గ్యాస్ డిటెక్టర్లను గోడకు మోకాలి కంటే కింద బిగిస్తారు. గ్యాస్ తగిలితే అలారం మోగుతుంది, బయట సాలెనాయిడ్ వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది. సాలెనాయిడ్ అంటే కరెంటుతో పనిచేసే తలుపు గడియ అనుకోండి. మా హాల్లో అలాంటి డిటెక్టర్లు రెండున్నాయి, ఒకటి కెటిల్ దగ్గర, ఇంకొకటి గుమ్మం పక్కన.

వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్ రెడ్డెప్ప. శాంతిపురం వైపు మెట్ట పొలం ఉన్న కుటుంబం. వాన లేని ఏళ్ళలో కుప్పం గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిషింగు పనికి పోయి, చాలాకాలం అక్కడే ఉండిపోయాడు. ఆ రాతి పొడి ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంటే, ఇంక ఆ దుమ్ములోకి అడుగు పెట్టొద్దని డాక్టరు తెగేసి చెప్పాడట. అలా కాంట్రాక్టు మీద మా దగ్గరికి వచ్చాడు. నాకంటే పెద్దవాడు, రెడ్డెప్పన్నా అంటాను. వాల్వ్ మూస్తే మళ్ళీ ఒకసారి తిప్పి చూసి గానీ కదలడు. నేను కేకలు వేయాల్సిన అవసరం రాని మనుషులు ఆ భవనంలో తక్కువ, వాళ్ళలో ఆయనొకడు.

ఇక ఆయుధపూజ. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు ఆనుకుని ఉండడం వల్ల మా వైపు ఈ పండుగ యంత్రాలకు పెద్దది. బస్సుల దగ్గర్నుంచి మంగలి కత్తెర దాకా అన్నిటినీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. మా భవనంలో కూడా ఏటా చేస్తారు. నేను అడ్డు చెప్పింది లేదు, పైగా బొరుగులూ శనగలూ పంచేటప్పుడు ముందు వరుసలో ఉంటాను. కర్పూరం ఎక్కడ వెలిగించాలి, నీళ్ళు ఎక్కడ చల్లకూడదు అని చుట్టూ తిరిగి అందరి ప్రాణాలూ తీస్తాను. ఆ ఏడాది మాత్రం చెల్లెలికి కాన్పు దగ్గర పడిందని మదనపల్లె పోయాను. పూజ నేను లేకుండా జరిగింది.

సెలవుల తర్వాత తలుపు తీయగానే హాలంతా సాంబ్రాణి వాసన. కుళ్ళిన బంతిపూలు, మూలన పగిలిన గుమ్మడికాయ ముక్కలు. ఊడ్చేవాళ్ళు ఇంకా రాలేదు. గొణుక్కుంటూనే బంప్ టెస్టుకు కూర్చున్నాను. బంప్ టెస్ట్ అంటే చేతిలో పట్టే చిన్న సిలిండర్ నుంచి డిటెక్టర్ ముఖానికి కాస్త గ్యాస్ చూపించి, అది మోగుతుందో లేదో చూడడం. ఆకుపచ్చ లైటు వెలుగుతోంది కదా అని నమ్మకూడదు. ఆ లైటు కరెంటు ఉందని చెబుతుందంతే, గ్యాస్ పసిగడుతుందని కాదు.

కెటిల్ దగ్గరి డిటెక్టర్‌కు గ్యాస్ చూపించాను. మోగలేదు. ఇంకాస్త చూపించాను. ఉలుకూ పలుకూ లేదు. కళ్ళజోడు సర్దుకుని వంగి చూస్తే, దాని ముఖం నిండా ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ. గుమ్మాలకు పెట్టినట్టు శ్రద్ధగా, గుండ్రంగా పెట్టారు. ఆ ముఖానికి కంటికి కనబడనంత సన్నటి రంధ్రాలుంటాయి, గ్యాస్ వాటిలోంచే లోపలికి పోవాలి. అవి మొత్తం పూడుకుపోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని పట్టుకుని తిట్టాలా అని ఆలోచిస్తూ ఉండగానే నా నడుముకు తగిలించుకున్న గ్యాస్ మీటర్ కూత పెట్టింది.

నేను చూపించిన టెస్ట్ గ్యాసే దానికి తగిలిందనుకున్నాను. సిలిండర్ మూసి, కాసేపు ఆగాను. మీటర్ ఆగలేదు. లేచి నిలబడితే కూత తగ్గింది. మళ్ళీ వంగితే పెరిగింది. అప్పుడు అర్థమైంది, గ్యాస్ నేల మీద ఉంది. సాంబ్రాణి, కుళ్ళిన పూల వాసనలో దాని వాసన కలిసిపోయింది.

నా వెనకే హాల్లోకి వచ్చిన రేణుక గోడ వాల్వ్ తెరిచి, గుజ్జు బకెట్ల కోసం కోల్డ్ రూముకి పోయి ఉంది. తల ఎత్తేసరికి ఆమె తిరిగి వస్తోంది. బకెట్ కింద పెట్టి కెటిల్ వైపు వంగుతోంది, చేతిలో లైటర్.

జీవితంలో అంత మెల్లగా నేనెప్పుడూ మాట్లాడలేదు. అరిస్తే బెదిరి చేతిలోది నొక్కేస్తుందేమోనని భయం.

"రేణుకా, లైటర్ నొక్కొద్దు. అట్లే పట్టుకో. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా నడిచి బయటికి రా."

ఆ పిల్ల ఎందుకని అడగలేదు. నా గొంతు తగ్గడమే ఆమెను భయపెట్టిందని తర్వాత చెప్పింది. నేను గోడ వాల్వ్ మూసి, ఆమె వెనకే బయటికి వచ్చి, షెడ్డు దగ్గరున్న రెడ్డెప్పను మెయిన్ వాల్వ్ కట్టేయమన్నాను. రెండు వైపులా తలుపులు బార్లా తీశాం. ఇలాంటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలనిపిస్తుంది, వేయకూడదు. స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. మేడ మీదివాళ్ళందరినీ కిందికి దింపి, మీటర్ సున్నా చూపించేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

లీకు ఎక్కడో వెతకడం కష్టం కాలేదు. పూజకు ముందు వెనక గోడ కడుగుదామని కెటిల్‌ను ముందుకు లాగారు. ఆ లాగుడుకు రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చిట్లింది. గుమ్మం పక్క డిటెక్టర్ కూడా చూశాను. దానికీ బొట్టుంది, అదీ మోగలేదు.

రేణుక మెట్ల మీద కూర్చుని తన అరచేతుల వైపే చూసుకుంటోంది. "నొక్కింటే ఏమయ్యేది మేడం?" అంది. నొక్కలేదు కదా, టీ తాగు అన్నాను. ఆ అమ్మాయికి ఏమైనా అయి ఉంటే పుంగనూరులో వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఏం చెప్పేదాన్నని ఒకటే గుబులు.

ఆ గుబులు కోపమై రెడ్డెప్ప మీదికి పోయింది. బొట్టు పెట్టిన చేయి ఆయనదే. దాచలేదు, అడగ్గానే ఒప్పుకున్నాడు. ఇంత పెద్ద హాల్లో గోడలున్నాయి, తలుపులున్నాయి, కెటిల్ ఉంది, ఆ బొట్టేదో వాటికి పెట్టుకోక దీనికెందుకు పెట్టావని నిలదీశాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు:

"అన్నిట్లోకీ ముందు దానికే పెట్టినానమ్మా. మనం నిద్దరపోయినా అది మనల్ని సూస్తానే ఉండాది గదా. దానికి పెట్టకుండా ఇంక దేనికి పెట్టేది?"

డిటెక్టర్ ఏం చేస్తుందో ఆ భవనంలో చాలామందికి తెలియదు. ఈయనకు తెలుసు, తెలుసు కాబట్టే అన్నిటికంటే ఎక్కువ గంధం దానికి పూశాడు. రంగు వేయొద్దు, గ్రీజు పూయొద్దు అని మాన్యువల్లో ఉంది. ఆ మాన్యువల్ రాసినవాళ్ళు ఆయుధపూజ చూసి ఉండరు.

గంధం తుడిచినా ఆ రంధ్రాలు తెరుచుకోవు, డిటెక్టర్లు మార్చాల్సిందే. కానీ గోడ నుంచి నేను ఊడదీయలేదు. పండుగ కుంకుమ ఉన్నదాన్ని చర్చికి పోయే మనిషి పీకిందన్న మాట రాకూడదని ఆయన్నే తీయమన్నాను. కళ్ళకద్దుకుని తీశాడు. తీసేటప్పుడు ఆయన చేతులు చూడలేకపోయాను.

మాట ఎలాగూ వచ్చింది. రెండు రోజుల్లో భవనంలో గుసగుసలు మొదలయ్యాయి, పూజ గిట్టక మేడమే ఇదంతా పెద్దది చేస్తోందని. మీటర్ కూత విన్నవాళ్ళు కూడా అందులో ఉండడం నన్ను నిజంగా బాధపెట్టింది.

భవనం బాధ్యత చూసే ప్రొఫెసర్ విశ్వనాథ్ గారు మీటింగ్ పెట్టారు. మంచివారే, కానీ భయపడితే కాగితాలు పుట్టిస్తారు. రెడ్డెప్పను తీసి కాంట్రాక్టరుకు అప్పగించేయాలన్నారు. భవనంలో ఇకపై ఏ పూజా జరగకూడదని సర్క్యులర్ వేయాలన్నారు. దాని కింద నా సంతకం ఉండాలన్నారు, సేఫ్టీ మేనేజర్ని కదా.

సంతకం పెట్టనన్నాను. ఆయన ముఖం చిట్లించారు. నేను చెప్పాల్సింది చెప్పాను. పూజ వద్దంటే ఆగదు, మనం లేనప్పుడు తలుపేసుకుని చేస్తారు. అప్పుడు గంధం ఎక్కడ పూశారో వెతుక్కోవాల్సిన పని కూడా నాదే అవుతుంది. రెడ్డెప్పను తీసేస్తే వచ్చే కొత్త మనిషికి ఈ డిటెక్టర్ దేనికో కూడా తెలియదు. పైగా ఈయన ఇక్కడి నుంచి పోతే మళ్ళీ రాతి దుమ్ములోకే పోవాలి, ఆ ఛాతీతో అక్కడ ఎన్నాళ్ళో బతకడు. ఆఖరుకు ఒక మాట నోరు జారింది, జారనిచ్చాను అనాలి.

"ఆ రోజు హారతి ఇచ్చింది మీరే కదా సార్. గంధం ఆరకముందే ఆ డిటెక్టర్‌కు మీరే దండం పెట్టారంట."

గదిలో ఒకరిద్దరు దగ్గు నటించారు. ప్రొఫెసర్ గారు కోప్పడతారనుకున్నాను. ఆయన మాత్రం, సరే, అయితే వచ్చే ఆయుధపూజ పూచీ మొత్తం నీదే, ఆ రోజు ఏ చిన్న పొరపాటు జరిగినా రెడ్డెప్పతో పాటు నువ్వూ సంజాయిషీ ఇచ్చుకోవాలి అన్నారు. ఒప్పుకుని బయటికి వచ్చాను.

చేయాల్సిన మరమ్మతులు చేశాం. రబ్బరు గొట్టం తీసేసి స్టీలు అల్లిక గొట్టం వేయించాం. కెటిల్‌ను కదలకుండా నేలకు బిగించాం. కొత్త డిటెక్టర్లు వచ్చాయి. అవి బిగించే రోజు రెడ్డెప్పను పక్కన కూర్చోబెట్టుకుని, పాతదాన్ని విప్పి లోపల చూపించాను. మూసుకుపోయిన ముఖానికి గ్యాస్ చూపించి, ఆ తర్వాత కొత్తదానికి చూపించి, తేడా ఆయన చెవులతోనే విననిచ్చాను. ఆ సాయంత్రం ఆయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

పూజ మానేయమంటే మానేస్తానన్నాడు, కానీ మనసు ఒప్పుకోవడం లేదన్నాడు. గ్రానైటు ఫ్యాక్టరీలో ఒక ఏడాది యజమాని పూజ చేయనివ్వలేదట, ఆ ఏడే ఈయన పక్కన పనిచేసేవాడి చెయ్యి మిషన్లో పడిందట. అది పూజ మానినందుకు జరిగిందని నేను నమ్మను. ఆయన నమ్ముతాడు. ఆ విషయంలో ఆయనతో వాదించడానికి నేనెవరిని? అందుకే, గంధం తగలకుండా పూజ చేసే దారి నీకేమైనా తోస్తోందా అని అడిగాను.

చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత వాళ్ళ ఊరి గుడి సంగతి ఎత్తాడు. అక్కడ అమ్మవారి మూలవిగ్రహం సున్నపు గారతో చేసిందట, నీళ్ళు పోస్తే కరిగిపోతుంది. అందుకని అభిషేకమంతా ముందర పెట్టిన ఇత్తడి ఉత్సవ విగ్రహానికి చేస్తారు. గారమ్మ అట్లే సూస్తా ఉంటుంది, చేసిందంతా ఆమెకే చెందుతుంది అన్నాడు.

"ఆ చెడిపోయిన మిషను పారేస్తారు గదమ్మా. అది నాకిస్తే, దానికి చేసుకుంటా."

నాకు గుళ్ళ సంగతి తెలియదు. కానీ అంతకంటే మంచి ఏర్పాటు ఏ సేఫ్టీ కోర్సులోనూ చెప్పరని మాత్రం తెలుసు. లోపలి వైర్లన్నీ తీసేసి, పాత డిటెక్టర్ ఆయన చేతికిచ్చాను.

మరుసటి ఏడు ఆయుధపూజకు నేను ఎక్కడికీ పోలేదు. హాలంతా ముందురోజే కడిగారు, కెటిల్‌ను ఎవరూ లాగలేదు. గుమ్మం ముందు పీట వేసి, పాత డిటెక్టర్‌ను దాని మీద పెట్టి, రెడ్డెప్ప తనివితీరా గంధం పూశాడు. పాపం, దానికి ముఖమే కనబడకుండా పోయింది. ప్రొఫెసర్ గారు హారతి పళ్ళెంతో వచ్చి, పీట మీదున్నదాన్ని చూసి, నన్ను చూసి, నవ్వు ఆపుకున్నారు.

అంతలో బైరెడ్డిపల్లె నుంచి కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్ ఒకాయన, పాపం అతనికి ఈ కథేం తెలుసు, గంధం గిన్నె పట్టుకుని ఒక్కో స్విచ్‌బోర్డుకూ బొట్టు పెట్టుకుంటూ కెటిల్ దగ్గరికి చేరాడు. గోడకున్న డిటెక్టర్ ముందు కూర్చుని వేలు గంధంలో ముంచాడు. నేను అవతలి మూలన ఉన్నాను. నోరు తెరిచాను. ఆపితే మళ్ళీ పాత మాటే వస్తుందన్న వెరపు ఒక్క క్షణం నా నోటికి అడ్డం పడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అంతలోనే రెడ్డెప్ప పీట దగ్గర్నుంచి లేచి వెళ్ళి, అతని మణికట్టు పట్టుకున్నాడు.

"దానికి వద్దప్పా. అది ఊపిరి తీసుకుంటాండాది."

ఎలక్ట్రీషియన్ ఆ డిటెక్టర్ వైపు కొత్తగా చూశాడు. వేలికున్న గంధం తన చొక్కాకే తుడుచుకున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సాంబ్రాణి పొగ అన్నాను అడిగినవాళ్ళతో. హారతి అయ్యాక, ఎవరూ శనగలు ముట్టకముందే, రెడ్డెప్ప బంప్ టెస్ట్ చేయమని నన్నే తొందరపెట్టాడు. రెండు డిటెక్టర్లూ మోగాయి.

అంతకుముందు నా శిక్షణ తరగతుల్లో డిటెక్టర్ గురించి చాలా చెప్పేదాన్ని, అది దేనితో పనిచేస్తుంది, ఎప్పుడు మోగుతుంది, మోగితే ఎటు పరుగెత్తాలి అని. ఇప్పుడు అవన్నీ తర్వాత. ముందు అందరినీ గోడ దగ్గర కూర్చోబెట్టి దాని ముఖం చూపిస్తాను, ఇది ఊపిరి తీసుకుంటోంది అని చెబుతాను. ఆ ఒక్క మాట విన్నాక, దాని ముఖానికి అడ్డంగా ఎవరో పెట్టిన బకెట్‌ను వాళ్ళంతట వాళ్ళే పక్కకు జరుపుతారు.